గంట మోగేదాకా

మా ఇంట్లో అన్నానికి ఆలస్యమైతే, అవ్వ ఆ తప్పును తీసుకుపోయి చంద్రగిరి రాజు మీద వేసేది.

మధ్యాహ్నం బడి వదలగానే ముగ్గురం పరుగున వచ్చి వంటింటి గడప మీద వరుసగా కూర్చునేవాళ్ళం. అవ్వ కట్టెల పొయ్యి ముందు కూర్చుని, చట్టిలో సంగటి కట్టె తిప్పుతూ ఉండేది. "ఆకలవుతోంది అవ్వా" అంటే వెనక్కి తిరిగి కూడా చూడదు. "ఇంకా గంట మోగలేదు కదా" అనేది. ఏ గంట అని మేము అడగం. కొండ మీద స్వామికి నైవేద్యం అయితే గాని కోటలో రాజు మెతుకు ముట్టేవాడు కాదట. అయిందని తెలియడమెలా? తిరుమల నుంచి చంద్రగిరి దాకా దారి పొడవునా గంటలు కట్టించాడట. కొండ మీద మోగింది విని కిందివాడు కొట్టాలి, అది విని వాడి కిందివాడు కొట్టాలి. అలా కబురు గుట్ట నుంచి గుట్టకు దిగి వచ్చి రాజమహల్ చేరేదట. "అంతటి రాజే విస్తరి ముందు కూర్చుని ఎదురుచూశాడు. మీకేమిటి అంత తొందర?" అనేది అవ్వ.

సంగటి ఉడికి, తడిచేత్తో ముద్దలు చేసి, మూడు పళ్ళాల్లోనూ పక్కన ఊరుబిండి వేశాక, ఇత్తడి మూత మీద గరిటెతో టంగుమని ఒక్కటి కొట్టేది. అదీ గంట. ఇక తినొచ్చు.

ఈ కథ మా ఒక్క ఇంటిది కాదని పెద్దయ్యాక తెలిసింది. తిరుపతి చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు. కొందరు ఆ రాజు వెంకటపతిరాయలంటారు, కొందరు కృష్ణదేవరాయలంటారు. అవ్వ పేర్ల జోలికి పోలేదు. ఆమెకు ఆయన 'రాజు', అంతే, మా వీధి చివర ఉండే మనిషి గురించి చెప్పినట్టు.

నిజానికి ఆయన మా వీధి చివరే ఉండేవాడు. కోటకు పోయే దారిలో మా ఇల్లు. మిద్దె ఎక్కితే రాతిగుట్ట, దాని కింద రాజమహల్ శిఖరాలు కనిపించేవి. మూడంతస్తుల మేడ. రాయి, ఇటుక, సున్నం తప్ప కట్టడంలో ఎక్కడా కలప వాడలేదని మా సోషల్ మాస్టారు ఏటా చెప్పేవారు. తళ్ళికోట యుద్ధం 1565లో జరిగింది, రాజధాని పెనుగొండకు పోయింది, అక్కడి నుంచి మన చంద్రగిరికి వచ్చింది, వెంకటపతిరాయలు 1586 నుంచి 1614 దాకా ఏలాడు. ఇవన్నీ మాకు మార్కుల కోసం వచ్చు. మార్కులు అయిపోయాక కోట అంటే మేకలు మేసే చోటు, వానాకాలం పోతే సీతాఫలాలు దొరికే గుట్ట, పరీక్షలప్పుడు పుస్తకం పట్టుకుని కూర్చునే నీడ. ఇంటికి చుట్టాలు వస్తే "పాపా, కోట చూపించి రా" అని నన్ను తోలేవాళ్ళు. మహల్‌లో ఉన్న మ్యూజియానికి శుక్రవారం సెలవు. తిరుమలలో దర్శనం చేసుకుని తిరుగుదారిలో వచ్చే మా చుట్టాలందరికీ ఎందుకో శుక్రవారమే కుదిరేది. తాళం వేసిన గేటు ముందు నిలబడి, కమ్మీల సందుల్లోంచి మహల్ చూపిస్తూ నేను చెప్పిన చరిత్రకు లెక్కలేదు. లోపలికి తీసుకువెళ్ళిన సందర్భాలు మాత్రం చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

అటువంటి నేను డబ్బిచ్చి, టిక్కెట్టు కొని, పూటంతా కేటాయించి చూసిన మొదటి రాజమందిరం లండన్ పక్కన హాంప్టన్ కోర్టు.

అది 2011. ఎమ్మెస్సీ చదవడానికి వెళ్ళి ఏడాది అయింది. టూటింగ్‌లో నేనూ ఒక చెన్నై అమ్మాయీ ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆ పేటలో ఇడ్లీపిండి, కరివేపాకు, మునక్కాయలు అన్నీ దొరుకుతాయి. ధర చూశాక మునక్కాయ మీద మోజు పోతుందంతే. ఆ అమ్మాయికీ నాకూ రోజూ ఒకే తగాదా. చెన్నై గురించి గొప్పలు పోయినప్పుడల్లా నేను "ఆ ఊరు మేమిచ్చిందే, అద్దె కట్టండి" అనేదాన్ని. ఊరికే అన్న మాట కాదు. 1639లో ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే కోట కట్టుకోవడానికి నేల సంపాదించింది దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర. ఆ నాయకుడి పైన ఉన్న ప్రభువు చంద్రగిరి రాయలు. 1645లో శ్రీరంగరాయలు ఆ హక్కును మళ్ళీ ఖాయం చేశాడు. "మీ రాజు అంత తేలిగ్గా ఎందుకిచ్చాడే?" అని ఆమె అడిగితే మాత్రం నా దగ్గర జవాబు ఉండేది కాదు.

సెప్టెంబరు మొదట్లో పరిశోధన వ్యాసం అప్పగించేశాను. ఆ మర్నాడు నిద్ర లేచాక ఏం చేయాలో తోచలేదు. ఏడాదిపాటు గది, గ్రంథాలయం, సాయంత్రం దుకాణంలో పని తప్ప మరో దారి ఎరగని కాళ్ళు. టిఫిను డబ్బాలో పులిహోర పెట్టుకుని (పులుసు అవ్వ సీసాలో పోసి పంపిందే, అడుగున మిగిలిన ఆఖరి రెండు చెంచాలు) వింబుల్డన్‌లో రైలెక్కాను. ఆ లైనులో చివరి స్టేషను హాంప్టన్ కోర్టు. దిగి థేమ్స్ మీద వంతెన దాటితే ఎదురుగా ఎర్ర ఇటుకల కోట. టిక్కెట్టు ధర నాకు వారం రోజుల కూరగాయల ఖర్చు. కౌంటరు దగ్గర ఒక్క క్షణం ఆగి, మా చుట్టాలు గుర్తొచ్చి, కొనేశాను.

ఆ ఇల్లు మొదట రాజుది కాదు. వుల్సీ అనే మతాధికారి 1515 ప్రాంతంలో తన కోసం కట్టించుకున్నాడు. ఎనిమిదో హెన్రీకి మంత్రి లాంటివాడు. రాజు ఇంటికంటే మంత్రి ఇల్లు బాగుంటే ఏమవుతుందో ఏ దేశపు కథలోనైనా ఒకటే. ఇల్లు రాజుగారి చేతికి వచ్చింది, 1530లో వుల్సీ పోయాడు, అదీ రాజద్రోహం ఆరోపణ మీద విచారణకు తీసుకుపోతుండగా దారిలోనే. ఆ తర్వాత నూట యాభై ఏళ్ళకు మూడో విలియం, రాణి మేరీ వచ్చి పాతదంతా పడగొట్టి కొత్తది కట్టించాలనుకున్నారు. 1689లో క్రిస్టఫర్ రెన్ అనే వాస్తుశిల్పి చేత పని మొదలుపెట్టించారు. అయిదేళ్ళకు మేరీ మశూచితో పోయింది, పని ఆగింది. అందుకే ముందు నుంచి చూస్తే ఒక ఇల్లు, తోట వైపు నుంచి చూస్తే మరో ఇల్లు. మా ఊళ్ళో కొడుకు గల్ఫ్‌ వెళ్ళొచ్చాక పాత పెంకుటింటికి ముందు డాబా వేస్తారే, అచ్చం అలాగే ఉంది.

గదులు చాలా ఉన్నాయి. మంచాలు ఎత్తుగా ఉన్నాయి. బొమ్మల్లో అందరూ లావుగా, కోపంగా ఉన్నారు. అయితే తోట వైపు ఒక చల్లటి పొడుగాటి గదిలో ఇటలీ చిత్రకారుడు మాంటెన్యా గీసిన తొమ్మిది పెద్ద చిత్రాలు చూసి మాత్రం ఆగిపోయాను. సీజరు యుద్ధం గెలిచి వస్తున్న ఊరేగింపు అది. బాకాలు, జెండాలు, పల్లకీల్లా మోసుకొచ్చే సొమ్ములు, నెత్తిన దివిటీలతో ఏనుగులు. మాంటెన్యా ఏనుగును చూశాడో లేదో గాని, చూసినవాడికంటే ముద్దుగా వేశాడు. నాకు మాత్రం అందులో రోము కనపడలేదు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ నాడు నాయన భుజం మీద కూర్చుని చూసిన మాడవీధి కనపడింది. వాహనం ఇంకా రాలేదు, ఏనుగులు వచ్చాయంటే వెనకే స్వామి వస్తున్నట్టు.

ఆ చిత్రాలు కొని తెచ్చినవాడు మొదటి ఛార్లెస్. ఆ పేరు దగ్గర నా లెక్కలు మొదలయ్యాయి. మద్రాసు నేల తీసుకున్న నాటికి వాళ్ళ రాజు ఈయనే. 1646 ప్రాంతంలో చంద్రగిరి గోల్కొండ సేనల చేతికి పోయి మా శ్రీరంగరాయలు ఊరూరా తిరుగుతున్నాడు. సరిగ్గా ఆ మరుసటి ఏడు ఈ ఛార్లెస్‌ను సొంత పార్లమెంటు సైన్యమే ఇదే ఇంట్లో బందీగా పెట్టింది. నవంబరులో తప్పించుకున్నాడు గాని 1649 జనవరిలో తల తీయించుకున్నాడు. కాగితం ఇచ్చిన రాజుకూ, తీసుకున్నవాళ్ళ రాజుకూ ఒకేసారి గ్రహాలు తిరగబడ్డాయి. నిలిచింది కంపెనీ ఒక్కటే. ఆ రాత్రి ఇది చెబితే చెన్నై అమ్మాయి కాసేపు ఆలోచించి "అయితే అద్దె ఎవరికి కట్టాలి?" అంది.

ఇక వంటిల్లు.

దాని కోసం నేను వెళ్ళలేదు. బాణం గుర్తు చూపించింది కదా అని పోయాను. గోడల మధ్య ఇరుకు సందు, అక్కడ ఎండ లేదు. సందు మధ్యకు వచ్చేసరికి వాసన తగిలింది. కట్టెల పొగ. ఏడాదిగా నా ముక్కు మరిచిపోయిన వాసన. ఇంగ్లండులో నేనున్న చోట పొయ్యి అంటే మీట తిప్పితే ఎర్రబడే గాజు పలక, అగ్గిపెట్టె కొనవలసిన అవసరమే రాలేదు. ఇక్కడ లోపల మనిషి ఎత్తు దాటిన పొయ్యిలో దుంగలు మండుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, అలాంటివి ఆరు కట్టించాడు హెన్రీ. నేను వెళ్ళిననాడు వెలిగించింది ఒక్కటే. దాని ముందు ఇనుప చువ్వలకు మాంసం గుచ్చి, పాతకాలం బట్టలు కట్టుకున్న మనిషి ఒకాయన తిప్పుతున్నాడు. ఆ రోజుల్లో దాదాపు 200 మంది పనివాళ్ళు, రోజుకు రెండు పూటలు, పూటకు 600 మందికి పైగా వండి పెట్టేవారని చెప్పాడు. రాజుకు కాదు, రాజు కొలువుకు. రాజుకు వేరే వంట.

చువ్వ తిప్పిచూడమని నాకిచ్చాడు. నాలుగు చుట్లు తిప్పేసరికి ముఖం కాలిపోయింది. వీపు మాత్రం చల్లగానే ఉంది. అప్పుడు జ్ఞాపకం వచ్చింది, సంగటి కెలికేటప్పుడు అవ్వ ముఖం ఎప్పుడూ ఒక పక్కకు తిప్పి ఉండేది. మేము పిలిచినా వెనక్కి తిరగకపోవడానికి కారణం కోపమనుకునేవాళ్ళం. తిరిగితే పొగ మొత్తం కళ్ళలోకే. ఎడమ చెంప మీద, చెవి కింద ఆమె చర్మం కాస్త నల్లగా, మందంగా ఉండేది. నలభై ఏళ్ళు ఒకే పక్క సెగ తగిలితే అలా అవుతుందని, ఎవరి ఇంట్లోనో ఎవరి కోసమో మండుతున్న పొయ్యి ముందు నిలబడితే గాని నాకు తట్టలేదు.

కళ్ళు నీళ్ళు తిరిగాయి. "పొగ అలవాటు లేదా?" అన్నాడాయన. లేదన్నాను. అబద్ధం.

బయటపడి నడిస్తే లోపలి వాకిలి ఒకటి వచ్చింది. దాని ద్వారం మీద గడియారం. 1540లో పెట్టింది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, ఎందుకంటే అది గడియారం కాదు, పంచాంగం. నెల, తేదీ, సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడు, చంద్రుడికి ఎన్నో రోజు, అన్నీ చెబుతుంది. లండన్ వంతెన దగ్గర నదికి పోటు ఎప్పుడో కూడా చెబుతుంది. రాజుగారి రాకపోకలు పడవల మీద కాబట్టి అది తెలియకపోతే ప్రయాణం సాగదు. అందులో సూర్యుడే భూమి చుట్టూ తిరుగుతాడు. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ పుస్తకం అచ్చయింది 1543లో, గడియారం అంతకు మూడేళ్ళు పెద్దది. మా ఇంట్లో బియ్యం డబ్బా పైన మేకుకు వేలాడే పంచాంగంలోనూ సూర్యుడు ఇంకా అలాగే ఒక రాశి నుంచి మరో రాశికి నడిచిపోతుంటాడు. అవ్వకు చూపిస్తే తిథి చెప్పేసేది.

అలా మెడ ఎత్తి చూస్తుండగా ఒంటిగంట అయింది. గంట ఒక్కటే కొట్టింది. టంగ్.

నేనేం చేశానో రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. చేయి దానంతటదే సంచిలోకి పోయి టిఫిను డబ్బా పట్టుకుంది.

తోటలో బల్ల మీద కూర్చుని పులిహోర తిన్నాను. చేత్తోనే. పక్క బల్ల మీద తెల్లజుట్టు పెద్దావిడ, అక్కడే ఎప్పుడో పనిచేసి మానేసినావిడట, "ఇండియానా?" అని మాట కలిపింది. పంజాబు మహారాజు రంజిత్ సింగ్ మనవరాలు, దులీప్ సింగ్ కూతురు సోఫియా ఈ కోట ఎదురింట్లోనే ఉండేదని ఆవిడే చెప్పింది. విక్టోరియా రాణి ఇప్పించిన ఇల్లు. ఆ ఇంట్లో ఉంటూనే 1913లో కోట గేటు ముందు నిలబడి, ఆడవాళ్ళకు ఓటు కావాలనే పత్రిక అమ్మిందట. రాణిగారి ఇల్లు తీసుకుని రాజ్యం మీదే తిరగబడడం నాకు భలే నచ్చింది. పెద్దావిడకు పులిహోర కొంచెం పెట్టాను. వేరుశనగ గింజలు ఏరుకుని తిని, "ఎండుమిరపకాయ వద్దు" అని పక్కన పెట్టింది.

వెళ్ళేముందు ద్రాక్ష చూసి పొమ్మంది. 1768లో నాటిన ఒక్క తీగ, ఒక అద్దాల ఇల్లంతా అల్లుకుని ఉంది. దాని వేళ్ళ కోసం బయట పెద్ద మడి మొత్తం గడ్డిపోచ కూడా మొలవనివ్వకుండా ఖాళీగా వదిలేశారు. ఏటా ఆ రోజుల్లోనే పళ్ళు కోసి అక్కడి దుకాణంలో అమ్ముతారు. చిన్న బుట్ట ఒకటి కొన్నాను. నల్లవి, తియ్యగా ఉన్నాయి, గింజలున్నాయి.

రాత్రి ఇంటికి ఫోను చేశాను. అవ్వే ఎత్తింది.

"రాజుగారి ఇల్లు చూసొచ్చాను అవ్వా."

"రాజు ఉన్నాడా?"

"లేడు. 1737 తర్వాత ఏ రాజూ అక్కడ కాపురం లేడు."

"మరి టిక్కెట్టు డబ్బులు ఎవరికిచ్చావు?"

చెప్పాను. ద్రాక్షపళ్ళ ధర కూడా చెప్పాను, రూపాయల్లోకి మార్చి. అది చెప్పకుండా ఉండవలసింది. కాసేపు గురుగురుమంది ఫోను. తర్వాత "అన్నం తిన్నావా?" అంది.

"తిన్నాను. గంట మోగాకే."

ఆ మాట ఆమెకు వినపడిందో లేదో, అప్పటికి ఫోను అమ్మ చేతికి పోయింది.

సంక్రాంతికి ఇంటికి వచ్చాను. అవ్వను కోటకు తీసుకుపోవాలని లండన్‌లోనే అనుకున్నాను. వచ్చిన రెండో రోజే బయలుదేరదీశాను. గేటుకు తాళం. "కోట పక్కన పుట్టి శుక్రవారమని తెలియదా నీకు!" అని అవ్వ దారి పొడవునా నవ్వింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాం. శనివారం ఆమెకు ఒక్కపొద్దు, అయినా వద్దనలేదు. పెళ్ళయి ఆ ఊరు వచ్చిన కొత్తలో ఒకసారి చూసిందట, అప్పటికి మ్యూజియం లేదట, లోపల గబ్బిలాలు ఉండేవట.

మెట్లు నెమ్మదిగా ఎక్కింది. కంచు విగ్రహాల దగ్గర చెప్పులు విడవాలేమోనని చుట్టూ చూసి, ఎవరూ విడవలేదని తనూ విడవలేదు గాని, ప్రతి విగ్రహానికీ దండం పెట్టింది. పైఅంతస్తులో కిటికీ దగ్గర నిలబడి గాలి పీల్చింది. దూరంగా కొండ ఆ రోజు మంచులేకుండా స్పష్టంగా ఉంది. ఆమె గంటల దారి ఎటునుంచి వచ్చేదో వేలితో చూపిస్తుందనుకున్నాను. చూపించలేదు. ఇంకేదో వెతుకుతోంది. గది గదికీ తొంగిచూసి, చివరికి అక్కడ కుర్చీలో కూర్చున్న కాపలా ఆయనను అడిగింది.

"నాయనా, వంటిల్లు ఎక్కడ?"

ఆయన తడబడ్డాడు. ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు. "ఇక్కడ లేదమ్మా, బయటెక్కడో ఉండేదేమో" అని చేయి గాలిలో తిప్పాడు.

అవ్వ ఆ మూడంతస్తుల మేడను మరోసారి కిందికీ పైకీ చూసింది. "ఇంత ఇంట్లో ఒక్క పొయ్యి లేదు. పాపం, వేరే ఎక్కడో వండి మోసుకొచ్చేసరికి ఆలస్యమయ్యేది. ఊరికే గంట పేరు చెప్పి ఆ మనిషిని కూర్చోబెట్టుంటారు" అంది.

మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని ఆగింది.

"ఆ తెల్లోళ్ళ రాజుకు ఎన్ని పొయ్యిలన్నావు?"

"ఆరు."

"ఆరుంటే గంట ఎందుకు" అని, తర్వాతి మెట్టు మీద కాలు పెట్టింది.